బఫర్‌లో బాగా వచ్చే సీసం పీక్ ఆకుకూర శాంపిల్‌లో ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న:
గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద బిస్మత్ పొరతో స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ (లోహాన్ని ఎలక్ట్రోడ్ మీద చేర్చి, మళ్లీ కరిగిస్తూ వచ్చే కరెంటు పీక్‌ని కొలిచే పద్ధతి) చేస్తున్నాను. పీహెచ్ 4.5 ఎసిటేట్ బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం), −1.2 వోల్టుల దగ్గర 120 సెకన్లు ఉంచి స్కాన్ చేస్తాను. సీసం, కాడ్మియం స్టాండర్డ్లు (గాఢత తెలిసిన ద్రావణాలు) కలిపితే పీకులు చక్కగా, విడివిడిగా వస్తాయి. అదే ఆకుకూరని నైట్రిక్ ఆసిడ్‌తో డైజెస్ట్ చేసి (అంటే ఆసిడ్‌లో కరిగించి), సెల్‌లో (కొలిచే పాత్రలో) లీటరుకు 20 మైక్రోగ్రాముల సీసం ఉండేలా కలిపినా, బఫర్‌లో స్టాండర్డ్లతో గీసిన నా కాలిబ్రేషన్ గీత ప్రకారం 8 కూడా రావట్లేదు. కాడ్మియం దగ్గరైతే చిన్న బొడిపె, అంతే. ఎలక్ట్రోడ్ పాడైందంటారా?

జవాబు 1:
ఎలక్ట్రోడ్‌ని తిట్టే ముందు సెల్‌లో పీహెచ్ ఎంతుందో చూశారా? డైజెస్ట్ అయ్యాక మిగిలిపోయిన ఆసిడ్ మీ బఫర్‌ని మింగేస్తుంది. అప్పుడు −1.2 దగ్గర హైడ్రోజన్ పుడుతుంది, ఎలక్ట్రోడ్‌ని కిందనుంచి చూస్తే సూదిమొనంత బుడగలు అంటుకుని ఉంటాయి, అవి ఉన్నచోట లోహం చేరదు. అలాగని కాస్టిక్ సోడా గుప్పిస్తే బిస్మత్ తెల్లగా విడిపోతుంది. ఫ్యూమ్ హుడ్‌లో ఆసిడ్‌ని దాదాపు ఆవిరయ్యేదాకా పోగొట్టి, మిగిలినదాన్ని బఫర్‌లో కలపండి.

జవాబు 2:
రాగిని మర్చిపోకండి. ఆకుల్లో ఎలాగూ ఉంటుంది, అదీ అదే సమయంలో ఎలక్ట్రోడ్ మీదకి చేరి బిస్మత్‌కి పోటీ అవుతుంది. కొంచెం ఫెర్రోసయనైడ్ వేస్తే రాగిని పట్టేసుకుంటుంది, కాకపోతే పీహెచ్ సరిచేశాకే వెయ్యాలి, గట్టి ఆసిడ్‌లో వేస్తే విషవాయువు వచ్చే ప్రమాదం ఉంది. ఇంకోటి, డైజెస్ట్ చేసిన ద్రావణం ఇంకా పసుపుగా ఉంటే సేంద్రియ పదార్థం పూర్తిగా పోలేదేమో అని అనుమానించండి, అది ఎలక్ట్రోడ్‌కి జిడ్డులా పట్టేస్తుంది.

జవాబు 3:
పైవాళ్లు చెప్పినవి సరే, కానీ బఫర్‌లో గీసిన గీతతో ఆకుకూరని కొలవడం దగ్గరే నాకు అభ్యంతరం. స్టాండర్డ్ అడిషన్ చెయ్యండి: అదే సెల్‌లోకి తెలిసిన మోతాదు రెండు మూడు సార్లు కలుపుతూ, పీక్ ఎంత పెరుగుతోందో చూసి వెనక్కి లెక్క వెయ్యండి. నీళ్లకీ ఇదే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి చెప్పే విలువ సీసానికి లీటరుకు 10 మైక్రోగ్రాములు, కాడ్మియానికి 3. అంటే 20 ఉన్న నీళ్లని మీ గీత 8 అని చెప్పి పాస్ చేసేస్తుంది! పైగా ఈ పద్ధతికి విడిగా ఉన్న లోహమే కనిపిస్తుంది, హ్యూమిక్ పదార్థాలు (కుళ్లిన మొక్కల నుంచి నీళ్లలోకి వచ్చే సేంద్రియ పదార్థాలు) గట్టిగా పట్టుకున్నదాన్ని స్టాండర్డ్ అడిషన్ కూడా బయటికి తీయలేదు, మొత్తం కావాలంటే ముందు ఆసిడ్‌తోనో యూవీతోనో విడగొట్టాల్సిందే.

అడిగినవాడినే:
పీహెచ్ 1.7 ఉంది, సిగ్గేసింది. ఆసిడ్ పోగొట్టి మళ్లీ చేస్తే, కలిపిన 20కి 17 వచ్చింది. కాడ్మియం ఇంకా తక్కువే, రేపు రాగి సంగతి చూస్తాను. ఈలోగా బ్లాంక్‌లో (శాంపిల్ లేకుండా చేసిన పరీక్షలో) కూడా చిన్న సీసం పీక్ కనిపించింది, బీకర్లని పలచని నైట్రిక్ ఆసిడ్‌లో నానబెట్టకుండానే వాడేశాను.