మోడల్ బొగ్గు వద్దంటోంది, మరి తెల్లవారుజామున ఏరియేటర్లకు కరెంటెక్కడిది?

విడవలూరు అబ్బాయి:
ఎం.టెక్ ప్రాజెక్టుకని ఓసీమోసిస్ (OSeMOSYS) అనే ఎనర్జీ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో నెల్లూరు జిల్లాకు కరెంటు మోడల్ కట్టాను. 2025 నుంచి 2050 దాకా ఏటా ఎంత కరెంటు కావాలి, ఏ ప్లాంటుకు ఎంత ఖర్చు, కార్బన్ ఎంతకు మించకూడదు అన్నవి ఇస్తే, అన్నిట్లో చవకైన దారిని సాల్వర్, అంటే అందులో లెక్క కట్టే ప్రోగ్రామ్, తేలుస్తుంది. నాది 2035కల్లా బొగ్గంతా ఆపేసి సోలార్ పెట్టమంది.

గ్రాఫు నాయనకు చూపించాను. మాకు మూడు రొయ్యల గుంటలున్నాయి, వాటి నీళ్లలో గాలి కలపడానికి ఏరియేటర్లు వాడతాం. "అర్ధరాత్రి దాటినాక ఏరియేటర్లు దేంతో తిరగతాయిరా?" అన్నాడు. పోయినేడు ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ కాలేదు, తెల్లారేసరికి ఒక గుంటలో రొయ్యంతా తేలింది. అప్పట్నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు. ఆయనకేం చెప్పాలో నాకు తోచలేదు. తప్పెక్కడ చేశాను?

ముత్తుకూరు రిటైర్డ్ ఇంజనీర్:
మీ నాయన అసలు చోటే పట్టుకున్నాడు. ఏడాదిని ఎన్ని టైమ్ స్లైసులు, అంటే పగలు, రాత్రి, సీజన్ లాంటి ముక్కలు, చేశావు? ఒక్కటే అయితే మోడల్‌కు పగలూ రాత్రీ ఒకటే. మధ్యాహ్నం సోలార్ యూనిట్‌ను తెల్లవారుజాము మూడింటికి వాడేసుకుంటుంది. గుంటలో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్నని నాచు) పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే మీ లోడు, అంటే కరెంటు అవసరం, ఎక్కువగా చీకట్లో. పొలం మోటార్లకు పగలే 9 గంటలు ఇస్తే అవి సోలార్‌తో కలిసిపోతాయి, గుంటలు కలవవు. రెండిటినీ విడివిడి డిమాండ్‌గా పెట్టు.

ఇంకోటి. కృష్ణపట్నంలో ఉన్నలాంటి 800 మెగావాట్ల బొగ్గు యూనిట్‌ను మధ్యాహ్నం ఆపి, పొద్దుగూకగానే లేపడం కుదిరే పని కాదు. మన గ్రిడ్‌లో మామూలుగా 55 శాతం దాకానే దించుతారు, అంటే 440. ఆ షరతు నువ్వు రాయకపోతే సాల్వర్ సున్నాకు దించేస్తుంది.

ఒంగోలు ఎకనామిక్స్ టీచర్:
డిస్కౌంట్ రేటు, అంటే రేపటి రూపాయిని ఇవాళ్టి లెక్కలో ఏటా ఎంత శాతం తగ్గించాలన్నది, ఎంత పెట్టావు బాబూ? 2050లో జరిగే 100 రూపాయల నష్టం 5 శాతం దగ్గర ఇవాళ్టి లెక్కలో దాదాపు 30, 10 శాతం దగ్గర 9. వాతావరణ మార్పు ఖర్చు లెక్కల్లో, నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త నార్డ్‌హాస్‌కూ మరో ఆర్థికవేత్త నికోలస్ స్టెర్న్‌కూ ఏళ్ల తరబడి సాగిన వాదం దీనిమీదే. రెండు రేట్లతోనూ నడిపి రెండు గ్రాఫులూ ఇవ్వు. ఇంకా, నీ మోడల్‌కు 2050 దాకా ధరలన్నీ ముందే తెలుసు. 2022లో దిగుమతి బొగ్గు అంత పెరుగుతుందని అంతకు మూడేళ్ల ముందు ఎవరనుకున్నారు?

విడవలూరు అబ్బాయి:
ఒక్క స్లైసే పెట్టాను సార్. ఇప్పుడు మూడు సీజన్లు, రోజుకు నాలుగు భాగాలు, మొత్తం 12 చేశాను. బ్యాటరీ లేకపోతే బొగ్గు పోవడం లేదు, పెడితే ఖర్చు పెరుగుతోంది. రేటు మార్చడం రేపు చేస్తాను మేడమ్. రాత్రి ఏ గంటకు ఎన్ని ఏరియేటర్లు వేస్తాడో నాయన నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాడు. బ్యాటరీకి ఆయుష్షు ఎన్నేళ్లని పెట్టమంటారు?