"ఈ జూలై నాలుగు మీది, … కాదు": నాదా, మాదా?

గోదారి గట్టు:
చదువుకునే రోజుల్లో ఎవరిదో చేతిరాత అనువాదంలో చూసిన వాక్యం ఒకటి వారం రోజులుగా నన్ను వేధిస్తున్నది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన అమెరికా నల్లజాతి వక్త ఫ్రెడరిక్ డగ్లస్, ఆ దేశపు స్వాతంత్ర్య దినమైన జూలై నాలుగు గురించి, 1852 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లోని కొరింథియన్ హాలులో చేసిన ప్రసంగంలోని మాట అది. "ఈ జూలై నాలుగు మీది, … కాదు" అన్నంత వరకు గుర్తున్నది గానీ, ఆ ఖాళీలో ఉన్నది "నాది"యో "మాది"యో తేలడం లేదు. మూలంలో ఏకవచనమే ఉన్నదని ఎరుగుదును. అయినా చెవిలో "మాది" అనే మోగుతున్నది.

నిఘంటువు పురుగు:
మూలంలో ఏకవచనం ఉన్నదని మీరే ఒప్పుకున్నాక ఇక చర్చ దేనికండీ? 1847 నుంచి 'నార్త్ స్టార్' పత్రిక నడిపిన మనిషికి, సంపాదకుడి "మేము" ఎక్కడ వాడాలో, ఎక్కడ మానాలో ఒకరు చెప్పనక్కరలేదు. మిత్రులు సొమ్ము చెల్లించి 1846లోనే విడిపించారు కనుక చట్టం దృష్టిలో ఆయన అప్పటికి స్వతంత్రుడు. అటువంటివాడు వేదిక మీద నిలబడి పండగ "నాది కాదు" అనడంలోనే పదునంతా ఉన్నది. "మాది" అంటే బానిసల తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టవుతుంది.

చెట్టునీడ:
"మా" అన్నది ఒట్టి బహువచనమేనని ఎవరన్నారు? ఇంట్లో ఒక్కడే ఉండేవాడు కూడా "మా ఇల్లు", "మా ఊరు" అనే అంటాడు. "నా ఊరు" అంటే ఊరిని కొనుక్కున్నట్టు వినిపిస్తుంది. పండగ సంగతీ అంతే కనుక గోదారి గట్టు గారి చెవి తప్పు వినలేదు. ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం 1827 జూలై 4న రద్దయినప్పుడు, అక్కడి నల్లజాతివారు మర్నాడు, అంటే అయిదో తేదీన, ఊరేగింపు జరుపుకున్నారు. 1852లో నాలుగో తేదీ ఆదివారమైనందువల్లే సభ సోమవారం జరిగిందంటారు, కాదనను. కానీ అయిదో తేదీన నిలబడి "నాలుగు మాది కాదు" అంటే, "ఈ రోజు మాది" అన్న ధ్వని దానంతట అదే వస్తుంది. "నాది" అని రాస్తే అది పోతుంది.

నదీతీరం:
నా-మాల తగవు చిన్నది. అదే ప్రసంగంలో ఆయన 137వ కీర్తనను ఉటంకించిన చోటు చూడండి. మన తెలుగు బైబిలులో "అన్యుల దేశములో యెహోవా కీర్తనలు మనమెట్లు పాడుదుము" అని ఉన్నది. బబులోను చెరలో ఉన్న యూదులు తమలో తాము చెప్పుకునే మాట కనుక అక్కడ "మన" సరిపోయింది. చెరపట్టినవారు మాత్రం "మాకు వినిపించుడి" అంటారు. ఇంగ్లీషుకు ఈ తేడా లేదు. ఆ "మనమెట్లు"ను యథాతథంగా డగ్లస్ నోట పెడితే, ఎదుట కూర్చున్న అయిదారు వందల మంది శ్రోతలు, ఎక్కువమంది తెల్లవారే, చెరలో ఉన్నవారిలో కలిసిపోతారు. ప్రసంగమంతా "తోటి పౌరులారా" అంటూనే "మీ జాతి", "మీ తండ్రులు" అని వేరుచేస్తూ వచ్చిన మనిషి అక్కడ ఎందుకు కలుపుకుంటాడు? నేనైతే "మేమెట్లు" అని మారుస్తాను.

నిఘంటువు పురుగు:
గ్రంథవాక్యాన్ని దిద్దే అధికారం అనువాదకుడికి లేదు. అయినా అదే కీర్తనలో "నిరవంజిచెట్లకు మన సితారాలు తగిలించితిమి" అని పూర్వం రాసినవారి చెవిని శంకించడానికి నాకు ధైర్యం చాలదు.

నాగావళి:
"మా" అన్న అక్షరం మీద ఇంత చర్చ జరుగుతుంటే గరిమెళ్ళను తలవకపోవడం అన్యాయం. "మాకొద్దీ తెల్లదొరతనము" అన్నది దొరకు వినిపించడానికే కనుక "మనకొద్దు" అనలేదని అందరూ చెబుతారు. ఆ వెంటనే "దేవా" అని ఉన్నదని మరిచిపోతారు. దేవుడితో మొరపెట్టుకునేటప్పుడు "మా" తప్ప "మన" రాదు. ఒక్క అక్షరంతో ఇటు దొరను, అటు దేవుణ్ణి వెలుపల నిలబెట్టి, ఒకరిని కాదని మరొకరిని వేడుకున్నాడు ఆ మహానుభావుడు. ఇక డగ్లస్‌ను పిలిచినది బానిసత్వాన్ని వ్యతిరేకించే మహిళల కుట్టుసంఘం. పిలిచినవారు మిత్రులే. మిత్రుల ముందు "మా" అంటే మధ్యన గోడ లేచినట్టుంటుంది. "నా" అంటే ఒక మనిషి ముఖం కనిపిస్తుంది. కాబట్టి "నాది"కే నా ఓటు.

చెట్టునీడ:
నాగావళి గారూ, ఆయన ఆ రోజు గోడ లేపడానికే వచ్చాడండీ.

గోదారి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. నా ప్రతిలో ప్రస్తుతానికి "నాది" అని సిరాతో రాసి, పైన "మాది" అని పెన్సిలుతో ఉంచాను. కీర్తన దగ్గర రెండూ పెన్సిలుతోనే ఉన్నాయి.

నదీతీరం:
ఆ రెండింటిలో ఏది పైన రాశారో చెప్పనేలేదు.