చూస్తూ ఊరుకోవడం నేరం కావాలా?

తీరం:
2017లో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం కోకోలో ఒక మనిషి చెరువులో మునిగిపోతుంటే ఐదుగురు టీనేజ్ కుర్రాళ్ళు ఫోన్‌లో వీడియో తీశారు. నవ్వుకున్నారు. ఒక్కరూ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయలేదు. ఆయన చనిపోయాడు. సాయం చేసి తీరాలనే చట్టం అక్కడ లేదు కాబట్టి కేసు పెట్టలేమని మరుసటి ఏడాది ప్రాసిక్యూటర్లు తేల్చేశారు. ఇది నాకు మింగుడు పడటం లేదు. ఇలా ఊరుకోవడం నేరం కావాలని నా వాదన. మీరేమంటారు?

ప్రశ్నార్థకం:
తీరం గారూ, మీ బాధ నాకూ ఉంది. కానీ ఒకరిని నేరస్థుడు అనాలంటే మామూలుగా రెండూ రుజువు కావాలి. చట్టం వద్దన్న పని చేసి ఉండాలి, అది ఆక్టస్ రియస్. చేసేటప్పుడు నేరబుద్ధి ఉండాలి, అది మెన్స్ రియా. ఆ కుర్రాళ్ళ బుద్ధి ఎంత చెడ్డదైనా, వాళ్ళు చేసిన పనేది? వాళ్ళు అక్కడ లేకపోయినా ఆయన మునిగిపోయేవాడే. చావుకూ వాళ్ళకూ కారణ సంబంధం ఎలా చూపిస్తారు? ఉత్త చెడ్డ మనసుకే శిక్ష వేయడం మొదలుపెడితే ఇక ఆపడం కష్టం.

నల్లకోటు:
‘పనేది’ అన్నదానికి చిన్న సవరణ అండి. చేయాల్సిన బాధ్యత చట్టప్రకారం ఉన్నప్పుడు చేయకపోవడం కూడా ఆక్టస్ రియస్సే. పసిబిడ్డకు తిండి పెట్టకుండా చంపిన తల్లిదండ్రులు మేమేం చేయలేదని తప్పించుకోలేరు. ఉద్యోగం వల్లా బాధ్యత వస్తుంది. 1902లో ఇంగ్లండ్‌లో పిట్‌వుడ్ అనే రైల్వే గేటు కాపలాదారు గేటు వేయడం మరిచి భోజనానికి వెళ్ళాడు. గడ్డిబండిని రైలు గుద్ది ఒకరు చనిపోయారు. తన ఒప్పందం రైల్వే కంపెనీతోనే కానీ దారిన పోయేవాళ్ళతో కాదన్నాడు. కోర్టు వినలేదు, మాన్‌స్లాటర్ (చంపాలన్న ఉద్దేశం లేకుండా ప్రాణం తీసిన నేరం) కింద దోషిగా తేల్చింది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇంగ్లండ్‌లోనే మిల్లర్ అనే అతని కేసు. అతను సిగరెట్ కాలుస్తూ నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి పరుపు రాజుకుంటోంది. ఆర్పలేదు, ఎవర్నీ పిలవలేదు, పక్క గదిలోకి వెళ్ళి మళ్ళీ పడుకున్నాడు. నిప్పు అంటుకున్నప్పుడు నిద్రలో ఉన్నాడు కాబట్టి ఆ క్షణాన నేరబుద్ధి లేదు. అయినా ప్రమాదం అతని వల్లే మొదలైంది కనుక, తెలిశాక దాన్ని ఆపే ప్రయత్నం చేయాల్సిందీ అతనేనని 1983లో అక్కడి అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది.

కోకో కుర్రాళ్ళకు ఇవేవీ అతకవు. ఆయనకు బంధువులు కారు, కాపలా ఉద్యోగులు కారు, నీళ్ళలోకి నెట్టిందీ వాళ్ళు కాదు.

తీరం:
అందుకే కొత్త చట్టం కావాలంటున్నాను. పాత ఘటనకు దాన్ని వర్తింపజేయమనడం లేదు. పని జరిగిన రోజున చట్టంలో లేని నేరానికి ఎవర్నీ శిక్షించకూడదన్న సూత్రాన్ని నేను వదులుకోను.

కారణ సంబంధం అడిగారు. ఫ్రాన్స్ శిక్షాస్మృతిలోని 223-6 అధికరణం చూడండి. తనకూ ఇతరులకూ ప్రమాదం లేకుండా, స్వయంగా గానీ ఎవరినైనా పిలిచి గానీ ఆదుకోగలిగి ఉండీ కావాలని ఊరుకుంటే ఐదేళ్ళ జైలు, 75,000 యూరోల జరిమానా దాకా పడొచ్చు. ఇక్కడ చావును ఎవరి నెత్తినా రుద్దడం లేదు. ఆపదలో ఉన్న మనిషి బతికి బయటపడ్డా నేరం నేరమే. ఊరుకోవడమే ఆక్టస్ రియస్, ఆపద ఉందని తెలిసీ కావాలని ఊరుకోవడం మెన్స్ రియా. జర్మనీలోనూ ఇలాంటి సెక్షన్ ఉంది, గరిష్ఠం ఏడాది. అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రం 1967లో చట్టం చేసింది, జరిమానా 100 డాలర్లకు మించదు.

మౌనవీక్షకురాలు:
నా భయం వేరండీ. రద్దీ ప్లాట్‌ఫారం మీద ఒకరు కుప్పకూలితే వందల మంది చూస్తారు. కేసు ఎవరి మీద? పోలీసులకు నచ్చనివాళ్ళ మీదేనా? ఇంకొకటి, కాసేపు తటపటాయించి ఫోన్ చేద్దామనుకున్న మనిషి, ఆలస్యం చేశావంటారేమోనన్న టెన్షన్‌తో జారుకుంటాడు. ఉన్న సాక్షులు కూడా మాయమవుతారు. షాక్‌తో కాళ్ళూచేతులూ ఆడనివాళ్ళ సంగతేంటి?

నల్లకోటు:
షాక్‌లో బిగుసుకుపోయిన మనిషి ఊరుకుందామని నిర్ణయించుకోలేదు కదా. నిర్ణయించుకున్నాడని సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. నిర్దోషినని రుజువు చేసుకునే భారం నిందితుడిది కాదని ఇంగ్లండ్‌లో 1935 నాటి వూల్మింగ్టన్ కేసు తీర్పు గట్టిగా చెప్పింది. కోకోలో ఆ వీడియోయే బలమైన సాక్ష్యమయ్యేది. ఆపద కనిపిస్తోంది, ఫోన్ చేతిలో ఉంది, వేళ్ళు ఆడుతున్నాయి. జారుకునే సాక్షుల గురించి మీరన్నది మాత్రం నిజమైన చిక్కే. ఆలస్యంగానైనా ఫోన్ చేసినవాళ్ళ మీద కేసు ఉండదని చట్టంలోనే రాయాలి. నచ్చనివాళ్ళ మీద కేసులంటారా, ఆ బెడద ఏ సెక్షన్‌కైనా ఉంది. ఇక్కడ ఇంకాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను.

ప్రశ్నార్థకం:
ఫోన్ చేయడం వరకు, జరిమానా వరకు అయితే సరే. ఐదేళ్ళ జైలుకు మాత్రం ససేమిరా. ఈత రానివాడు శిక్షకు భయపడి దూకితే రెండు శవాలు తేలతాయి. మరి లైవ్ వీడియోలో చూస్తున్నవాళ్ళూ నేరస్థులేనా తీరం గారూ?

తీరం:
దూకమని ఏ చట్టమూ అడగకూడదు, అందులో మనది ఒకే మాట. లైవ్ చూసేవాళ్ళలో అది ఎక్కడ జరుగుతోందో తెలియనివాళ్ళు చేయగల సాయం దాదాపు లేదు కాబట్టి బాధ్యతా ఉండదు. స్థలం పేరు స్క్రీన్ మీద కనబడుతుంటే, ఒక్క ఫోన్‌తో అక్కడికి అంబులెన్స్ పంపగలిగితే, ఒడ్డున నిలబడ్డవాడికీ వాళ్ళకూ తేడా నాకు కనిపించడం లేదు. ఉందంటే చెప్పండి.