చెప్పాపెట్టకుండా పనిలోంచి తీసేశారు, మా చెల్లెకు దారి చెప్పండి

అందరికీ నమస్తే. మా చెల్లె హనుమకొండలో ఒక బట్టల షాపులో ఆరేళ్లుగా సేల్స్‌లో పనిచేస్తోంది. పోయిన నెల జ్వరమొచ్చి ఫోన్ చేసి సెలవు పెట్టింది. తిరిగి వెళ్తే ‘రేపటి నుంచి రావద్దు’ అన్నారు. కాగితం లేదు, విచారణ లేదు. పైగా రాజీనామా రాసిస్తేనే ఆగిన జీతం ఇస్తారట. సంతకం మాత్రం పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం చూశాను. ఆరు నెలలు వరుసగా పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా తీసేయకూడదు, నెల ముందు రాతపూర్వకంగా నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. తప్పు చేసిందంటే విచారణలో రుజువు చేయాలి. షాపులో ఇరవై మందికి పైగా ఉన్నారు, తనకు ఐదేళ్లు దాటాయి కాబట్టి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన గ్రాట్యుటీ కూడా రావాలి కదా?

టెన్షనంతా సాక్ష్యం గురించే. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, జీతం చేతికే ఇచ్చేవారు. ఈఎస్ఐ కార్డు, డ్యూటీ గురించి వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి. ఇవి సరిపోతాయా? తోటి అమ్మాయిలు పాపం భయపడుతున్నారు, వాళ్లను సాక్ష్యానికి రమ్మని అడగలేను.

ముందు లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వాలా, లేక లాయర్ నోటీసు పంపాలా? జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. అక్కడ ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఉంటే, ఏమేం కాగితాలు తీసుకెళ్లాలో దయచేసి చెప్పండి.