అప్‌డేట్: డోన్సోల్ వెళ్లి వచ్చాను

ఫిలిప్పీన్స్‌లో తిమింగల సొరలను చూడటానికి ఓస్లోబ్ మేలా, డోన్సోల్ మేలా అని పోయిన నెల అడిగాను. ఎక్కువమంది చెప్పినట్టే సోర్సోగాన్ ప్రావిన్సులోని డోన్సోల్‌కే వెళ్లాను. ఓస్లోబ్‌లో మాదిరిగా ఇక్కడ మేత వేసి రప్పించరు. మొదటి రోజు ఒక్కటీ కనిపించలేదు. రెండో రోజు పడవ మీద ఎత్తున నిలబడి నీళ్లను గాలిస్తున్న మనిషి "బుతాండింగ్!" అని కేక వేశాడు. అక్కడ తిమింగల సొర పేరు అదే. ఒక్క సొర దగ్గరికి ఒక్క పడవే వెళ్లాలి, దిగేవారు ఆరుగురికి మించకూడదు, తాకకూడదు. ఆ చుక్కల వీపు నా కిందుగా నెమ్మదిగా సాగిపోతుంటే ఒళ్లు జలదరించింది. 1998లో దేశమంతటా వీటి వేటను నిషేధించడం ఎంత మంచిదైందో! రాత్రి నది ఒడ్డు చెట్ల నిండా మిణుగురులు. భోజనంలో లాయింగ్, అంటే కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు, తప్పక తినండి. వెళ్లేవారు కనీసం రెండు రోజులు ఉండేలా చూసుకోండి.