అప్‌డేట్: మహీంద్రా థార్‌కి 265/75 ఆర్16 టైర్లు ఖాయం, 285 వద్దనుకున్నాను

16 అంగుళాల రిమ్ ఉన్న థార్‌కి కంపెనీ టైరు సైజు 245/75 ఆర్16 (వెడల్పు 245 మి.మీ., టైరు పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ 16 అంగుళాలు). యాక్సిల్ (ఇరుసు) గేర్లు మార్చకుండా ఇంకా పెద్దవి, 265/75 వెయ్యాలా, 285/75 వెయ్యాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగానండీ. 265కే వెళ్లాను.

కంపెనీ టైరు ఎత్తు సుమారు 774 మి.మీ. 265ది 804, అంటే 3.9 శాతం ఎక్కువ. 285 అయితే 834, దాదాపు 7.8 శాతం. టైరు ఎత్తు ఎంత పెరిగితే చక్రం దగ్గర లాగుడు ఇంచుమించు అంత తగ్గుతుంది. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు 4 శాతం లోటు సర్దుకోవచ్చు, 8 శాతమైతే మాటిమాటికీ గేరు దించాలి. పోనీ నేల నుంచి బండి అడుగుభాగం ఎత్తైనా బాగా పెరుగుతుందా అంటే టైరు ఎత్తు తేడాలో సగమే: 265తో 15 మి.మీ., 285తో 30.

రిమ్ వెడల్పు 265కి 7 అంగుళాలు చాలు, 285కి కనీసం 7.5 కావాలి. నా రిమ్‌కి 285 సరిపడదు కాబట్టి, నాకు తేల్చేసిన సంగతి ఇదే.

పది ప్లై ఎల్‌టీ టైర్లు (లైట్ ట్రక్కుల కోసం చేసే మందపాటి టైర్లు) వద్దని అప్పుడు కొందరిచ్చిన సలహా కూడా సరైనదే. ఆ అదనపు బరువు కంపెనీ గేర్లకి ఇంకో భారం.

బిగించాక స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, టైరు లైనర్‌కి (చక్రం పైనుండే ప్లాస్టిక్ తొడుగుకి) రాసుకుంటోందేమో చూడాలి. స్టెప్నీ కూడా అదే సైజుండాలి. టైర్ల ఎత్తులు తేడాగా ఉంటే ఫోర్‌వీల్ డ్రైవ్‌లో నడిపేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకి పంచే గేర్‌బాక్సు) మీద ఒత్తిడి పడుతుంది. పెద్ద టైరుతో ఓడోమీటర్ దూరం తక్కువ చూపిస్తుంది కాబట్టి, మైలేజీ లెక్కకి ఆ దూరాన్ని 1.039తో గుణించండి. కళింగపట్నం బీచ్ ఇసుకలో టైర్లలో గాలి 18 పీఎస్ఐకి తగ్గిస్తే సరిపోతుంది, తారురోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపాలి.