ఆరు ఎయిర్‌బ్యాగులను చట్టమే తప్పనిసరి చేయాలా?

కృష్ణాతీరం:
సభ్యులందరికీ నమస్కారం. దసరాకు కొత్త కారు తీసుకోవాలనుకుంటున్నాము. ఇంట్లో నాలుగేళ్ల పాప, పొట్టిగా ఉండి స్టీరింగుకు బాగా దగ్గరగా జరిగి నడిపే మా అమ్మగారు ఉన్నారు. ఆరు ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేస్తామని కేంద్ర రవాణా శాఖ 2022 జనవరిలో ముసాయిదా తెచ్చింది, తరువాత ఏడాది వాయిదా వేసింది, చివరకు 2023 సెప్టెంబరులో తప్పనిసరి చేయబోమని మంత్రి నితిన్ గడ్కరీ గారే ప్రకటించారు. అంటే చట్టం ఇప్పటికీ అడిగేది ముందు సీట్లకు రెండు మాత్రమే. ఈ విషయాన్ని కొనేవారి ఇష్టానికి వదిలేయడం సరైనదేనా? మీ అభిప్రాయాలు తెలుపగలరు.

తుంగభద్ర:
ముమ్మాటికీ సరైనది కాదు. ఎదురుగా ఢీకొన్నప్పుడు బానెట్టు, దాని కింది చట్రం నలిగి కొంత దెబ్బను తామే మింగుతాయి. పక్క నుంచి లారీయో బస్సో వచ్చి కొడితే మనకూ దానికీ మధ్య ఒక తలుపు, జానెడు ఖాళీ తప్ప మరేమీ ఉండదు. ఆ ఖాళీలో ఛాతీకి సీటు పక్క నుంచి విచ్చుకునే బ్యాగు, తలకు కిటికీ పై నుంచి పరదాలా దిగే బ్యాగు అడ్డుపడతాయి. ముందున్న రెండు బ్యాగులు ఆ పని చేయలేవు. మన కంపెనీలు చట్టం చెప్పకముందు ఏం ఇచ్చాయో గుర్తు చేసుకోండి. 2014లో, కార్లను ఢీకొట్టించి చూసి భద్రతకు నక్షత్రాలు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో బాగా అమ్ముడయ్యే ఐదు కార్లను పరీక్షిస్తే, పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా నక్షత్రాలు వచ్చాయి. డ్రైవరుకు బ్యాగు 2019 జూలైలో, పక్క సీటుకు ఆ తరువాత తప్పనిసరి అయ్యాయి కాబట్టే ఈ రోజు చవక కారులో కూడా రెండు ఉన్నాయి. కంపెనీలు చిన్న కార్లకు ఆరు ఇవ్వడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాయి, సంతోషమే. అయితే ఇష్టపడి ఇచ్చినదాన్ని ఇష్టం మారిన రోజున తీసేయకుండా ఆపేది చట్టం ఒక్కటే.

బెజవాడ_బాటసారి:
నేను వాహన బీమా సర్వేయరుగా పని చేస్తున్నాను, కాబట్టి నుజ్జయిన కార్లను చూడడమే నా వృత్తి. బ్యాగుల సంఖ్య మీద ఇంత చర్చ జరగడం నాకు బాధగా ఉంది. ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడుగా పుట్టిన సాధనం, అందుకే దాన్ని అనుబంధ రక్షణ వ్యవస్థ అంటారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్‌ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గారి కారు వంతెన గోడను ఢీకొన్నది. అది ఖరీదైన కారు, బ్యాగులకు కొదవ లేదు. ముందు సీట్లలోని ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు, వెనుక సీట్లలో బెల్టు పెట్టుకోని ఇద్దరూ పోయారు. ఆ తరువాత దేశం నేర్చుకున్నదేమిటంటే, బెల్టు అలారం మోగకుండా బకిల్‌లో గుచ్చే క్లిప్పులను ఆన్‌లైనులో కొనడం. 2023లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అటువంటి 13,118 ప్రకటనలను అమ్మకపు వెబ్‌సైట్ల నుంచి తీయించవలసి వచ్చింది. ముందు బెల్టు పెట్టించండి, బ్యాగుల సంగతి ఆ తరువాత చూద్దాం.

మరొక మాట. పక్క సీటు ముందు డ్యాష్‌బోర్డు మీద బ్యాగు మూత ఉంటుంది, దాని మీద ఎయిర్‌బ్యాగు అని రాసి ఉంటుంది, ఆ అక్షరాల మీదనే చాలామంది వినాయకుడి విగ్రహాన్ని రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెడతారు. ఈ మధ్య నేను చూసిన ఒక కారులో ఆ మూత రెండుగా చీలి ఉంది, విగ్రహం తొండం ముక్క పక్క సీటు తల ఆనించే దిండులో దిగబడి ఉంది. ఆ సీటులో ఆ రోజు ఎవరూ కూర్చోలేదు.

ఓరుగల్లు_వాసి:
బెల్టు పెట్టుకోకపోతే బ్యాగు అసలు తెరుచుకోదు. ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. మా షోరూములో స్పష్టంగా చెప్పారు.

డాలస్_గోపాలం:
ఓరుగల్లు వారు చెప్పినది అన్ని కార్లకూ వర్తించదు. ఇక్కడ అమెరికాలో చాలా కార్లలో బెల్టు పెట్టుకోనివారికి బ్యాగు ఇంకా తక్కువ దెబ్బకే తెరుచుకుంటుంది, పెట్టుకున్నవారికి ఇంకొంచెం గట్టి దెబ్బ తగిలితే గాని తెరుచుకోదు, ఎందుకంటే చిన్న ప్రమాదంలో బెల్టు ఒక్కటే సరిపోతుంది. సెన్సార్లు దెబ్బను పసిగట్టి, రసాయనాన్ని మండించి, బ్యాగును గ్యాసుతో నింపడం వరకు మొత్తం సెకనులో 20వ వంతు కూడా పట్టదు. అంత వేగంగా వచ్చే వస్తువుకు శరీరం అప్పటికే ఆనుకుని ఉంటే అదే దెబ్బ అవుతుంది. బెల్టు లేనివారు బ్రేకు వేయగానే ముందుకు జారి సరిగ్గా ఆ చోటికే చేరుతారు.

ఇక్కడి చరిత్ర చదివితే రెండు పక్షాలకూ పనికొస్తుంది. 1990 నుంచి 2008 వరకు, తక్కువ వేగపు ప్రమాదాలలో ముందు బ్యాగు విచ్చుకోవడం వల్లనే 290 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు, స్టీరింగుకు దగ్గరగా కూర్చునే పొట్టివారు చాలామంది, 80 శాతానికి పైగా బెల్టు లేనివారో సరిగా పెట్టుకోనివారో. దాదాపు 90 శాతం మరణాలు 1998కి ముందు తయారైన కార్లలో జరిగాయి. ఆ తరువాత బ్యాగుల జోరు తగ్గించారు, సీటులో ఎవరున్నారో గుర్తించే సెన్సార్లు తెచ్చారు. ఇంకోవైపు చూస్తే, 1987 నుంచి 2017 వరకు ముందు బ్యాగులు 50,457 ప్రాణాలు కాపాడాయని ఇక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా వేసింది. కృష్ణాతీరం గారూ, మీ అమ్మగారి ఛాతీ ఎముకకూ స్టీరింగు మధ్య భాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండేలా సీటు సర్దండి, స్టీరింగును మొహం వైపు కాకుండా ఛాతీ వైపు వంచండి.

పసిపిల్లల_డాక్టరమ్మ:
పాపను ముందు సీటులో, ముఖ్యంగా ఒడిలో, కూర్చోబెట్టకండి. 2024 డిసెంబరులో నవీ ముంబయిలో ముందు సీటులో ఉన్న ఆరేళ్ల బాలుడు బ్యాగు దెబ్బకు లోపలి గాయాలతో చనిపోయాడు. నాలుగేళ్ల పాపకు వెనుక సీటులో, సొంత పట్టీలున్న చైల్డ్ సీటు బిగించాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గాని చైల్డ్ సీటు గాని లేకపోతే నడిపేవారికి జరిమానా వేయాలని మోటారు వాహనాల చట్టంలో 2019లోనే చేర్చారు.

ఓరుగల్లు_వాసి:
గోపాలం గారు అమెరికా సంగతి చెబుతున్నారు. నేను మన దేశపు కార్ల గురించి అడుగుతున్నాను. బెల్టు లేకపోతే తెరుచుకోకుండా అమర్చిన కార్లు ఇక్కడ ఉన్నాయా, లేవా? ఉంటే, ఆ కార్లలో ఆరు పెట్టినా పన్నెండు పెట్టినా ప్రయోజనం ఏమిటి?

విశాఖ_కెరటం:
బ్యాగు అంటేనే రక్షణ అని అందరూ అనుకుంటున్నారు. జపాన్‌కు చెందిన టకాటా కంపెనీ గ్యాసు పుట్టించడానికి అమోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడిలో, తేమలో ఉన్న ఆ రసాయనం పాడై, బ్యాగు తెరుచుకునే క్షణంలో లోహపు డబ్బానే పగిలి, ఆ ముక్కలు లోపలున్నవారి మీదికే దూసుకొచ్చాయి. అమెరికాలోనే ఇన్‌ఫ్లేటర్లు అనే ఆ గ్యాసు డబ్బాలను సుమారు 6.7 కోట్లు వెనక్కి పిలిచారు, కంపెనీ 2017లో దివాలా తీసింది. మన దేశంలో కూడా కొన్ని మోడళ్లను వెనక్కి పిలిచి మార్చారు. వేడీ తేమా రెండూ ఎక్కువగా ఉండే మా విశాఖ వంటి ఊళ్లలో పాత కారు కొనేవారు, ఆ కారుకు రీకాల్ పని పూర్తయిందో లేదో ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో తప్పక చూసుకోవాలి.

బెజవాడ_బాటసారి:
ఓరుగల్లు వారికి: అటువంటి అమరిక ఉందో లేదో మోడలును బట్టి మారుతుంది, కారుతో ఇచ్చే పుస్తకంలో చూసుకోవడమే మార్గం. నా మాటకు మళ్లీ వస్తాను. నేను చూసిన ప్రమాదాలలో పోయినవారు ఎక్కువగా బెల్టు పెట్టుకోనివారే. ఆ కుటుంబాలే తరువాత వచ్చి బ్యాగు తెరుచుకోలేదని కంపెనీ మీద కేసు వేస్తామంటాయి. ముందు బంపరుకు నిషిద్ధమైన ఇనుప గార్డు బిగించి ఉంటుంది, దాంతో సెన్సారుకు దెబ్బ అందే తీరే మారిపోతుంది. సీటు పక్క బ్యాగు ఉన్న చోట కుట్టు విడని లెదరు కవరు తొడిగి ఉంటుంది. తమ వైపు చేయవలసినది చేయకుండా కంపెనీని, ప్రభుత్వాన్ని తిట్టడం మనకు అలవాటైపోయింది.

తుంగభద్ర:
బాటసారి గారూ, ఇక్కడ ఆగండి. మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలుసుకుని మాట్లాడండి. మా అక్క భర్త జాతీయ రహదారి మీద, రాత్రివేళ, లైట్లు లేకుండా నిలిపి ఉంచిన లారీ వెనుక భాగాన్ని ఢీకొని మరణించారు. కారుకు గార్డు లేదు, కవర్లు కంపెనీవే. ఒక్క బ్యాగు కూడా తెరుచుకోలేదు. పరిహారం కోసం కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజునే అక్కడి ఉద్యోగి మా అక్కను అడిగిన మొదటి ప్రశ్న, ఆయన బెల్టు పెట్టుకున్నారా అని. పోస్టుమార్టం నివేదికలో కుడి భుజం నుంచి ఎడమ పక్కటెముకల దాకా ఏటవాలుగా కమిలిన చార ఉందని రాశారు. బెల్టు వేసుకున్నారనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? అయినా ఊళ్లో సగం మంది ఈ రోజుకీ ఆయన బెల్టు పెట్టుకోలేదనే అనుకుంటున్నారు, మీలాంటివారు ఇలాగే మాట్లాడతారు కాబట్టి.

ఓరుగల్లు_వాసి:
బెల్టు పెట్టుకున్నా తెరుచుకోలేదంటే సెన్సారు పాడై ఉండాలి.

నిర్వాహకుడు:
సభ్యులు వ్యక్తిగత నిందలకు పోకుండా విషయం మీదనే ఉండవలసిందిగా మనవి.

బెజవాడ_బాటసారి:
తుంగభద్ర గారూ, మీ కుటుంబానికి జరిగినది చదివి చాలా బాధ కలిగింది. ఆయన గురించి ఒక్క మాట కూడా అనడం లేదు. అయితే సెన్సారు పాడై ఉండాలని ఓరుగల్లు వారు తేల్చేశారు, దానికి జవాబు చెప్పాలి. నిలిపి ఉంచిన లారీ కిందికి కారు దూరడం మన రహదారుల మీద తరచుగా చూస్తాము. లారీ ఫ్లోరు కారు బంపరు కన్నా చాలా ఎత్తులో ఉంటుంది. ముందు సెన్సార్లు, కారు చట్రం దేనికీ గట్టిగా తగలకుండానే బానెట్టు లారీ కిందికి జారిపోతుంది, మొదటి గట్టి దెబ్బ అద్దానికి, దాని పక్క స్తంభాలకు తగులుతుంది. బ్యాగు తెరవాలా వద్దా అని నిర్ణయించే కంట్రోలు యూనిట్ చూసేది వేగం ఎంత హఠాత్తుగా తగ్గిందన్నది. అది ఆలస్యంగా తెలిస్తే బ్యాగు తెరుచుకోకపోవచ్చు, తెరుచుకున్నా అప్పటికే సమయం మించిపోయి ఉంటుంది. అటువంటి చోట ప్రాణం కాపాడేది లారీ వెనుక కింద గట్టిగా బిగించిన ఇనుప అడ్డకమ్మీ, మెరిసే టేపు. ఆరు బ్యాగులు ఉన్నా ఆ రాత్రి ఫలితం మారేదో లేదో నేను చెప్పలేను.

తుంగభద్ర:
మీరు ఇప్పుడు చెప్పిన ఈ నాలుగు ముక్కలు అమ్మేటప్పుడు ఎవరైనా చెప్పారా? బ్యాగులున్నాయి, ఇక భయం లేదని మాత్రమే చెప్పారు. సరే, మీరు చెప్పినట్టే జరిగిందనుకుందాం. దానికి రుజువు ఎక్కడుంది? దెబ్బ ఎంత, వేగం ఎంత, బెల్టు ఉందా లేదా, బ్యాగుకు ఆదేశం వెళ్లిందా లేదా అన్నవి చాలా కార్లలో ఆ కంట్రోలు యూనిట్‌లోనే నమోదవుతాయి. కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ తెచ్చి, తీగ తగిలించి, చదువుకుని, ఢీకొన్న తీరు బ్యాగు తెరుచుకోవలసిన పరిధిలోకి రాదని ఒక్క వాక్యం రాసి ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ అంకెలను మా అక్కకు చూపించలేదు. వస్తువును చేసినవాడే పరీక్షించి, వాడే తీర్పు చెప్పడం ఏ న్యాయం? హ్యుందాయ్ క్రెటా కేసులో ముందు బ్యాగులు తెరుచుకోలేదని ఫిర్యాదు చేసిన వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలన్న ఉత్తర్వును 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. వేగం, బలం లెక్కలు కట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానవసరం లేదని ఆ తీర్పులో ఉంది. రెండా, ఆరా అని నేను మొదట వాదించాను, ఇప్పటికీ ఆరు ఉండాలనే అంటాను. నా అసలు బాధ మాత్రం ఇది: తెరుచుకోని రోజున ఎందుకు తెరుచుకోలేదో చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉండాలి?

డాలస్_గోపాలం:
ఇక్కడ 2015లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం ఆ రికార్డు కారు యజమానికి చెందినది. కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని సందర్భాలలో తప్ప యజమాని అనుమతి లేకుండా ఎవరూ తీయరాదు.

బెజవాడ_బాటసారి:
మీరు అడుగుతున్నది న్యాయమైనదే, కాని దాని రెండో వైపు కూడా చూడండి. ఆ రికార్డు అందరికీ అందితే మొదట అడిగేది బీమా కంపెనీయే, అది మొదట చూసేది బెల్టు గడినే. బెల్టు లేదని అందులో ఉంటే మృతుడి నిర్లక్ష్యం కూడా ఉందని, ప్రమాద పరిహారాన్ని తేల్చే ట్రిబ్యునల్‌లో వాదించి పరిహారంలో కోత కోరుతుంది. ఇప్పుడు రుజువు లేక నెగ్గుతున్న కుటుంబాలు ఉన్నాయి, వాటిలో పిల్లలు చిన్నవాళ్లు. ఆ కుటుంబాల ముందు నిలబడి ఈ మాట చెప్పగలరా?

తుంగభద్ర:
చెప్పగలను. బెల్టు లేకపోవడం నిజమైతే ఆ నిజం బయటకు రానివ్వండి, దానితోపాటు బ్యాగుకు ఆదేశం వెళ్లకపోవడం కూడా బయటకు వస్తుంది. ట్రిబ్యునల్ రెండింటినీ తూచి పరిహారం తేల్చాలి. ఇప్పుడు మాత్రం మొదటిదాన్ని అందరూ ఊహించి మాట్లాడుతున్నారు, రెండోదాన్ని కంపెనీ దాచుకుంటోంది. ఊహ వల్ల మా అక్క పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదు.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. ఆరు బ్యాగులున్న కారే తీసుకుంటాము, చైల్డ్ సీటు వెనుక బిగిస్తాము, డ్యాష్‌బోర్డు మీద ఏమీ అతికించము. తుంగభద్ర గారి మాట చదివాక, ప్రమాదం జరిగితే కంట్రోలు యూనిట్ రికార్డు నకలు యజమానికి ఇస్తారా లేదా అని బుకింగుకు ముందే షోరూముకు రాతపూర్వకంగా ఉత్తరం ఇవ్వాలనుకుంటున్నాను.

తుంగభద్ర:
ఉత్తరం షోరూముతోపాటు కంపెనీ ప్రధాన కార్యాలయానికి కూడా రిజిస్టరు పోస్టులో పంపండి. జవాబు వస్తే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, రాకపోయినా రాలేదని రాయండి. కొనబోయే మిగతా సభ్యులు కూడా ఇదే అడిగితే బాగుంటుంది.